సెల్లార్‌లో 74 రోజులు

2023 జూన్ 11, ఆదివారం పొద్దున. కూకట్‌పల్లిలో ఓ అపార్ట్‌మెంటు సెల్లార్. పదేళ్ల వేగన్ఆర్ బానెట్ ఎత్తి ఉంది. ఖమ్మం నుంచి వచ్చిన కుర్రాడూ, వెంట తెచ్చుకున్న మెకానిక్కూ దాని మీదకు వంగి చూస్తున్నారు. అమ్ముతున్నది ఈ కాలమ్ రాసే మనిషే. బేరం గంటన్నర నడిచింది. టైర్లు చూపించి ఐదు వేలు, కుడి డోరు మీద గీత చూపించి మూడు వేలు కోశారు. చివరికి 2,65,000కి తెగింది. కుర్రాడు అక్కడికక్కడే ఫోన్లో పదివేలు టోకెన్ కొట్టి, ‘వారంలో వచ్చి బండి తీసుకెళ్తా సార్’ అన్నాడు.

గంటన్నర బేరంలో తేదీ ఊసు వచ్చింది ఆ ఒక్కసారే.

వారం తిరిగేసరికి అమావాస్య. మర్నాడు, జూన్ 19 నుంచి, ఆషాఢం. ‘నాన్నగారు ఆషాఢంలో బండి ఇంటికి తేవద్దంటున్నారు సార్. శ్రావణం రాగానే వచ్చేస్తా’ అని ఫోను. నెల రోజులే కదా అనుకుని కాలమిస్టు ‘సరే బాబూ’ అన్నాడు. పంచాంగం ఓసారి తిరగేసి ఉంటే అంత తేలిగ్గా అనేవాడు కాదు. ఆ ఏడాది శ్రావణం రెండుసార్లు వచ్చింది. చాంద్రమానం ఏడాదికి పదకొండు రోజుల చొప్పున వెనకబడుతుంటుంది కాబట్టి, రెండున్నరేళ్లు దాటాక ఒక నెల అదనంగా కలిపి లెక్క సరిచేస్తారు. ఆ అదనపు నెల 2023లో జూలై 18 నుంచి ఆగస్టు 16 దాకా అధిక శ్రావణంగా కూర్చుంది. అందులో శుభకార్యాలుండవు. అది చాలదన్నట్టు ఆగస్టులో శుక్ర మూఢం. శుక్రుడు సూర్యుడికి మరీ దగ్గరైపోయి ఆకాశంలో కనపడకపోతే కూకట్‌పల్లి సెల్లార్‌లో కారు కదలదన్నమాట.

దీన్ని మూఢనమ్మకమని తీసిపారేసే హక్కు కాలమిస్టుకి లేదు. 2013లో ఇదే కారు షోరూములో సిద్ధంగా ఉంటే, దసరా దాకా ఆగి నిమ్మకాయలు తొక్కించి మరీ ఇంటికి తెచ్చుకున్నాడు. అయితే అప్పుడు ఆగింది షోరూములో. వాళ్లకి స్థలముంది, మనుషులున్నారు, ఆషాఢంలో బండ్లు కదలవని ముందే తెలుసు. అమ్మేవాడు ఇంటి మనిషైతే ఆ ఆగడం అతని నెత్తిన పడుతుంది.

ముందు బ్యాటరీ మొరాయించింది. అమ్మేశాం కదా అని మూడు వారాలు ఎవరూ దాని జోలికి పోలేదు. ఓ పొద్దున తాళం తిప్పితే టకటకమని చప్పుడు తప్ప సెల్ఫ్ అందుకోలేదు. ఇంజిను ఆగి ఉన్నా సెంట్రల్ లాకూ, గడియారమూ కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. పాత బ్యాటరీకి ఆ కాస్తే ఎక్కువ. పక్క ఫ్లాటాయన కారు తెచ్చి పక్కన పెడితే, కేబుళ్లు తగిలించి స్టార్టు చేశారు. సెల్లార్‌లోనే పది నిమిషాలు ఆన్‌లో ఉంచితే చాలదనీ, వారానికోసారి అరగంటైనా రోడ్డు మీద తిప్పాలనీ మెకానిక్ చెప్పాడు.

తిప్పడం దగ్గరే వచ్చింది చిక్కు. టోకెన్ తీసుకున్న బండిని తిప్పొచ్చా? ఎక్కడైనా గీత పడితే ఎవరిది? కిలోమీటర్లు పెరిగాయని రేపు కుర్రాడు పేచీ పెడితే? చివరికి కాలమిస్టు ఓ చిన్న నోటుపుస్తకం కొని డాష్‌బోర్డు అరలో పెట్టాడు. ఆదివారం ఆరింటికి, రోడ్డు ఖాళీగా ఉండగా, బయల్దేరడం. మీటర్ అంకె రాయడం. మియాపూర్ దాకా వెళ్లి రావడం. మళ్లీ అంకె రాయడం. సొంత కారుని పదేళ్లు నడిపినా ఇంత భయభక్తులతో ఎప్పుడూ నడపలేదు. వచ్చాక హ్యాండ్‌బ్రేకు వెయ్యకుండా గేరులో ఉంచి, వెనక చక్రానికి ఇటుక అడ్డం పెట్టేవాడు. వానాకాలం చెమ్మకి, హ్యాండ్‌బ్రేకు వేసి రోజుల తరబడి వదిలేస్తే వెనక షూలు డ్రమ్ముకి పట్టేస్తాయి.

ఎలకల సంగతి వాచ్‌మన్ చూసుకున్నాడు. ‘వైర్లు కొరికేస్తాయండీ, పొగాకు కాడలు పెట్టండి’ అని తనే తెచ్చి బానెట్ కింద కుక్కాడు. పని చేసిందో లేదో గానీ, వైర్లయితే మిగిలాయి. కారు మాత్రం బీడీల కార్ఖానాలా వాసన కొట్టేది.

జూలై ఆఖర్లో ఇన్సూరెన్సు అయిపోతోంది. ఎవరు కట్టాలి? డబ్బులు పూర్తిగా ముట్టలేదు, బండి చేతులు మారలేదు, కాబట్టి అమ్మేవాడే కట్టాలి. కానీ ఏడాదికి కడితే పదకొండు నెలలు వాడుకునేది కొనేవాడు. కాలమిస్టు థర్డ్ పార్టీ మాత్రం చేయించాడు. వెయ్యి సీసీ లోపు కారుకి అప్పటి ధర 2,094 రూపాయలు, 18 శాతం జీఎస్టీ కలిపితే 2,471. కుర్రాడికి ఫోను చేసి చెబితే ‘తర్వాత లెక్క చూసుకుందాం సార్’ అన్నాడు. ఆ ‘తర్వాత’ విని ఇంటావిడ నవ్వింది: ‘పదివేలు తీసుకుని మనం వాళ్ల బండికి కాపలా ఉంటున్నాం. వాచ్‌మన్‌కైనా నెలకి జీతమిస్తారు.’

సరిగ్గా అప్పుడే ఇంకో పార్టీ తగిలింది. మియాపూర్ ఆయన, ఫోటోలు చూసి 2,75,000 ఇస్తానన్నాడు, సాయంత్రమే వస్తానన్నాడు. పదివేలు ఎక్కువ, అంటే టోకెన్ తిరిగిచ్చేసినా నష్టం లేదు. ఆ మధ్యాహ్నమంతా కాలమిస్టు మనసు మనసులో లేదు. తెలిసిన వకీలుకి ఫోను చేశాడు.

వకీలు చెప్పింది విన్నాకే తెలిసింది, ఈ బాధ కొత్తది కాదని. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టంలో 44వ సెక్షను అచ్చం దీనికోసమే రాసినట్టుంటుంది. సరుకు సిద్ధంగా ఉంది, వచ్చి తీసుకెళ్లమని అమ్మినవాడు అడిగాడు, కొన్నవాడు సబబైన గడువులో తీసుకెళ్లలేదు. అప్పుడు ఆ జాప్యం వల్ల కలిగిన నష్టమూ, సరుకుని కాపాడినందుకు న్యాయమైన ఖర్చూ కొన్నవాడే ఇచ్చుకోవాలి. 26వ సెక్షను ఇంకో అడుగు వేస్తుంది: ఎవరి తప్పు వల్ల డెలివరీ ఆలస్యమైందో, ఆ ఆలస్యం లేకపోతే జరక్కపోయే నష్టం వాళ్లదే. అయితే కీలకం ‘అడిగాడు’ అన్న మాటలో ఉంది. కాలమిస్టు ఎప్పుడు అడిగాడు? ఫోను చేసినప్పుడల్లా ‘పర్లేదు బాబూ, వీలు చూసుకుని రా’ అనే కదా అన్నాడు! వకీలు తేల్చేశాడు: ‘ముందు తేదీ పెట్టి రాతపూర్వకంగా అడుగు. ఆ తేదీ దాటాక ఇంకొకరికి అమ్ముకుంటానని చెప్పు. చెప్పకుండా అమ్మితే తప్పు నీదవుతుంది.’

మియాపూర్ ఆయన్ని రావద్దన్నాడు. పదివేలు పోయాయన్న బాధ ఇప్పటికీ లేదంటే అబద్ధం.

ఖమ్మానికి మెసేజ్ పెడదామని కూర్చున్నది జూలై 27 రాత్రి. కాస్త ఘాటుగానే రాశాడు. పంపబోయే ముందు ఫోను చేస్తే స్విచ్చాఫ్. మర్నాడూ స్విచ్చాఫే. తప్పించుకు తిరుగుతున్నాడని మండిపడుతూ టీవీ పెడితే తెర మీద ఖమ్మం: మున్నేరు పొంగి కాలనీల్లోకి వచ్చేసింది, జనం డాబాల మీద ఉన్నారు. మూడో రోజు కుర్రాడే ఫోను చేశాడు. ‘ఇంట్లో మోకాలి లోతు నీళ్లొచ్చాయి సార్. బండి అక్కడే ఉంది, అదృష్టం. ఇక్కడుంటే మునిగేది.’ రాసిన మెసేజ్ చెరిపేసి, కాలమిస్టు మళ్లీ మొదట్నుంచీ రాశాడు. ఈసారి మర్యాదగా రాశాడు గానీ తేదీ మాత్రం పెట్టాడు: ఆగస్టు 24 లోపు.

కోస్తాలో బజానా అనీ, తెలంగాణలో బయానా అనీ, ఇప్పుడు అంతటా టోకెన్ అనీ పిలిచే ఆ కాస్త డబ్బుతో మనవాళ్లు సరుకుని ఆపుతారు గానీ ఎన్నాళ్లు ఆపుతున్నారో చెప్పరు. స్థలం కొనేటప్పుడు మూడు నెలల గడువని అగ్రిమెంటు రాసుకునే మనుషులే కారు దగ్గరకొచ్చేసరికి నోటిమాటతో సరిపెడతారు. కాలమిస్టుదీ ఆ బాపతే.

కుర్రాడి తండ్రి ముహూర్తం చూశారు. ఆగస్టు 24, గురువారం. మర్నాడు వరలక్ష్మీ వ్రతం, అప్పటికి బండి ఇంట్లో ఉండాలి. గురువారం రాహుకాలం ఒకటిన్నరకి, ఆలోపు గేటు దాటాలి. రెండున్నర నెలలు ఊరికే పోయాయి గానీ, ఆ రోజు మాత్రం గడియారం అందరి చేతుల్లోనూ పరిగెత్తింది.

మిగతా 2,55,000 నగదుగా తెస్తానని కుర్రాడు ముందురోజే అన్నాడు. కాలమిస్టు వద్దన్నాడు. ఒక లావాదేవీలో రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోకూడదని అప్పటి ఆదాయపన్ను చట్టం 269ఎస్‌టీ సెక్షను చెప్పేది. తప్పితే అంత మొత్తమూ జరిమానా, అదీ ఇచ్చినవాడికి కాదు, పుచ్చుకున్నవాడికి. కుర్రాడు సెల్లార్‌లోనే నిలబడి ఆర్టీజీఎస్ చేశాడు. మెసేజ్ వచ్చేదాకా తాళం కాలమిస్టు జేబులోనే ఉంది; ఆ నాలుగైదు నిమిషాలు ఇద్దరూ వానల గురించి మాట్లాడుకున్నారు.

తర్వాత కాగితాలు. ఫారం 29, ఫారం 30. మొదటిదాంట్లో అమ్మినవాడు 14 రోజుల్లోపు ఆర్టీఏకి తెలియజేయాలి, రెండోదాంతో కొన్నవాడు 30 రోజుల్లోపు పేరు మార్పించుకోవాలి. చాలామంది వీటి మీద సంతకాలు పెట్టి, మిగతాదంతా కొన్నవాడికే వదిలేస్తారు. వదిలేస్తే ఏమవుతుందో సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరి 6న ఒక తీర్పులో చెప్పింది. 2007లో అమ్మేసిన కారు చేతులు మారుతూ పోయింది, 2009లో ప్రమాదం చేసింది, ఒక ప్రాణం పోయింది. రిజిస్టరులో పేరు మాత్రం మొదటి మనిషిదే. పరిహారం బాధ్యత అతనిదేనని కోర్టు తేల్చింది. బాధితులు ఒకరి తర్వాత ఒకరిగా కొన్నవాళ్లందరి వెంటా తిరగలేరు కదా అన్నది కోర్టు మాట. కాలమిస్టు ఇది చదివి ఉన్నాడు కాబట్టి ఫారం 29 కాపీ ఒకటి తన దగ్గర ఉంచుకున్నాడు. డెలివరీ కాగితం మీద తేదీతో పాటు గంట కూడా రాయించాడు: మధ్యాహ్నం 12:50. మీటర్ మీద అంకె రాసి, దాని ఫోటో తీసి, కుర్రాడి సంతకం తీసుకున్నాడు. నోటుపుస్తకం కూడా ఇచ్చేశాడు. కుర్రాడు అందులో ఆదివారాల పట్టిక చూసి, ఏమనాలో తెలీక, ‘ఇన్సూరెన్సు ఎంతయింది సార్?’ అని మాత్రం అడిగాడు. ఆ 2,471 అప్పటికప్పుడే పంపాడు. కాలమిస్టు ఇంకేమీ అడగలేదు.

ఒంటిగంటా ఐదుకి బండి గేటు దాటింది.

మూడింటికి కాలమిస్టు ఫోన్ మోగింది. ఫాస్టాగ్ మెసేజ్: పంతంగి టోల్ ప్లాజా. అంత జాగ్రత్తగా అన్నీ రాసుకున్న మనిషి అద్దం మీద ట్యాగ్ సంగతే మర్చిపోయాడు. బ్యాంకు నంబరు వెతికాడు గానీ వెంటనే నొక్కలేదు. పాత బ్యాటరీ, పాత టైర్లు, పైగా ముసురు. నాలుగు దాటాక రెండో మెసేజ్ వచ్చింది: కొర్లపహాడ్. అంటే నకిరేకల్ దాటేశారు. అప్పుడు బ్యాంకుకి ఫోను చేసి ట్యాగ్ మూయించాడు. రెండు టోళ్ల డబ్బులూ ఆయన ఖాతాలోంచే పోయాయి.