కామాఠీపురా పాత పటముల దిద్దుబాటు

తెలంగాణమునుండి వచ్చి బొంబాయి కట్టడములలో శ్రమించిన కామాఠీల పాత పటములు ఈ నగరపు తేమకు నిలుచుట కష్టము. వానిని కంప్యూటరుపై బాగుచేయ నేర్చువారు, దాదరునందైనను కామాఠీపురా చాళ్లలోనైనను, ముందుగా గ్రహింపవలసినదొకటి కలదు. రాజా దీనదయాళు 1896లో బొంబాయిలో స్టూడియో తెరచిన కాలమున గాజు నెగటివుపై పెన్సిలుతో మెరుగులు దిద్దెడివారు. పెన్సిలు పడినచోట అచ్చు తెల్లనగును. ముడుతలతోపాటు మేనిచాయయు మారెడిది. 1990లో వెలువడిన ఫొటోషాపు ఆ చాపల్యమును సులభతరము చేసినది. అందలి క్లోన్ స్టాంపు పక్కనున్న భాగమును తెచ్చి అతుకును. చెద తిన్న రంధ్రమును, అవ్వ నొసటి పచ్చబొట్టును దానికి ఒక్కటే. మొదటిది పూడ్చుట సేవ. రెండవది పూడ్చుట అపచారమని నా అభిప్రాయము. (అవ్వకు లేని తెలుపు మనుమనికేల?) 1994 నాటి మూడవ కూర్పునుండి పొరల సౌకర్యము కలదు. మూలమును అడుగుపొరలో తాకక ఉంచి, దిద్దుబాటంతయు పైపొరపైననే చేయవలెను.