మనోమూర్తికి మన్నునిచ్చు పరిమళము

మా తాతగారు దేవతార్చనకు కూర్చుండి మొదట చేపట్టునది జపమాల కాదు, గంధపుసాన. తడిపిన రాతిపై చెక్కను ఆనించి, ఉద్ధరిణెతో రెండు మూడు చుక్కల నీరు విడిచి, తొందర యన్నది లేక వలయముగా అరగదీయుచుండగా, ముందు తడిరాతి వాసనయు, తరువాత కొయ్యవాసనయు వచ్చి, చాలసేపటికి గాని చందనపు అసలు పరిమళము తేలివచ్చెడిది కాదు. అది గదినిండ క్రమ్ముకొన్న పిమ్మటనే ఆయన కన్నులు మూసి ధ్యానశ్లోకము నందుకొనెడివారు. గంధము స్వామికి అలంకారమని మాత్రమే చిన్ననాట తలచితిని. అర్చకుని మనస్సునకు అది పనిముట్టు కూడ నని తెలియుటకు ఏండ్లు పట్టినది.

దేవతామూర్తిని మనస్సున నిలుపుకొన యత్నించిన వారికెల్ల ఒక కష్టము అనుభవమే. కిరీటమును భావించునంతలో పాదములు చెదరును. పాదములను పట్టుకొనునంతలో ముఖము మాయును. నిలిచిన కొంచెమును నీటిలోని నీడవలె బరువులేక ఊగులాడుచుండును. రూపము తేజస్సునకు చెందిన గుణము గావున, కేవల రూపముతో కట్టిన మూర్తి వెలుగును గాని నిలువదు. దానికి కావలసినది పృథివి. తర్కసంగ్రహమును రచించిన మన తెలుగువాడు అన్నంభట్టు పృథివికి లక్షణము చెప్పవలసి వచ్చినప్పుడు దాని కాఠిన్యమును గాని విస్తారమును గాని పేర్కొనక, గంధము గలది పృథివి యని నిర్వచించెను. ఇది తార్కికుల మాట మాత్రమే కాదు. తొలకరి చినుకునకు లేచిన మంటివాసన ఒక్కటి చాలును, ఎన్నడో విడిచి వచ్చిన ఊరు చేలగట్లతో, చింతచెట్ల నీడతో, పిలిచిన గొంతుకలతో సహా ఎదుట నిలుచుటకు. చూపునకును వినికిడికిని సంబంధించిన వార్తలు మెదడులో థాలమస్ అను మజిలీ మీదుగా పోవుచుండగా, వాసన మాత్రము ఆ మజిలీతో పనిలేకయే భావములకును జ్ఞాపకములకును నెలవైన భాగములను చేరునని నేటి శరీరశాస్త్రజ్ఞులు చెప్పుట ఈ అనుభవమునకు సరిపోవుచున్నది.

శ్రీవిద్యోపాసకులు జపమునకు ముందు చేయు మానసిక పంచపూజలో గంధమే మొదటి ఉపచారము. పుష్పమును ఆకాశముగను, ధూపమును వాయువుగను, దీపమును అగ్నిగను, నైవేద్యమును అమృతముగను సమర్పించుటకు ముందు, లంబీజముతో, చిటికెనవ్రేలిని బొటనవ్రేలితో కలిపి, పృథివీరూపమైన గంధమును అర్పింతురు. చేతిలో చందనము లేదు. ఉన్నది దాని స్మృతి మాత్రమే. సంవత్సరముల తరబడి సానపై చెక్క తిప్పిన వానికి ఆ స్మృతి పిలిచిన వెంటనే పలుకును. తిప్పని వానికి అది ఒట్టి మాట. మంచము పట్టిన చివరియేట మా తాతగారు ఆ రెండు వ్రేళ్లను కలిపి, నిదానముగా ఊపిరి తీయుట నేను చూచితిని. సాన అప్పటికి కొన్ని నెలలుగా పొడిగానే యున్నది. ఆయన ముఖము మాత్రము గంధము తీసిన ఉదయములందు ఎట్లుండెడిదో అట్లే యుండెను.

ఈ సాధనకు మెలకువ ఒక్కటే: ఒక పరిమళమును ఒక ధ్యానమునకే ముడివేయవలెను. గుగ్గిలమైనను సాంబ్రాణియైనను, దేనిని ఏర్పఱచుకొన్నను దానిని జపవేళ తప్ప ఇతరవేళల వాడరాదు. అట్లు కొన్ని మాసములు గడచిన పిమ్మట వాసన సోకినంతనే మూర్తి తనంత తాను లేచి వచ్చును. మఱియొక సంగతి. కొంతసేపటికి ముక్కు ఆ వాసనకు అలవాటుపడి దానిని గుర్తింపకపోవును. పొగ తగ్గినదని భ్రమించి క్రొత్తవారు నిప్పుపై మఱింత పొడి చల్లుదురు; అది పొరపాటు. వెలుపలి గంధము మఱుగైన ఆ క్షణముననే లోపలి గంధమును పట్టుకొనవలెను. పతంజలి యోగసూత్రములకు వ్యాసుడు వ్రాసిన భాష్యమున నాసాగ్రమందు ధారణ నిలిపిన వానికి దివ్యగంధము అనుభూతమగునని యున్నది. అక్కడ వస్తువేమియు లేకుండగనే ఏకాగ్రత పరిమళమును పుట్టించుచున్నది. ఇక్కడ పరిమళము ఏకాగ్రతను పుట్టించుచున్నది. దారి ఒక్కటే, నడక ఎదురెదురు.

ద్రవ్యముల స్వభావము నెఱుగుటయు సాధనలోని భాగమే. కర్పూరము ఒక్కసారిగా మండి, బూడిద మిగుల్చక పోవును గావున ఉపసంహారమున నీరాజనమునకు తగినది. చందనము మెల్లగా వచ్చి చాలసేపు నిలుచును గావున ఆరంభమునకు తగినది. ఈ ద్రవ్యములు పూర్వము సులభముగా లభించినవి కావు. 1244 ప్రాంతమున కాకతి గణపతిదేవుడు వేయించిన మోటుపల్లి శాసనమున చందనము, చీనాకర్పూరము, పన్నీరు, జవ్వాది మొదలైన సరకులపై సుంకములు నిర్ణయింపబడినవి. శ్రీనాథుని హరవిలాసమునకు కృతిపతియైన అవచి తిప్పయసెట్టి సుగంధద్రవ్య వర్తకుడే. సముద్రము దాటివచ్చిన కర్పూరపు పలుకును ఎవడును ఊరక కాల్చియుండడు. నేడు అంగళ్లలో దొరకు అగరువత్తులు పెక్కింటిలో మల్లెయు, చందనమును, గులాబియు కలగలసి ఒకే తీపివాసనగా మాఱుట చూచి నాకు దుఃఖము కలుగును. వేఱువేఱు తలుపులకు వేఱువేఱు తాళపుచెవు లుండవలసినచోట ఒకే మొద్దుచెవి మిగిలినది.

క్రొత్తగా ఆరంభించు వారికి, అందును గాలి ఆడని చిన్నగదులలో నుండు వారికిని ఉబ్బసము గల వారికిని, పొగ లేని సానగంధమే మేలు. చిన్నచెక్క యొకటి చాలును. అరగదీసిన గంధమును నుదుట కాక, ఊపిరి తగులునట్లు పైపెదవి మీద చుక్కగా నుంచుకొని, మొదట మూర్తి యొక్క పాదములను మాత్రమే భావింపవలెను. అవి నిలిచిన దినమున గాని పైకి పోరాదు. పని ముగిసిన తరువాత చెక్కను తుడిచి, నీడను ఆరబెట్టి, నూలుగుడ్డలో చుట్టి వేఱుగా దాచవలెను.