ఎగిరే రాయికి మూడు అడ్డుకట్టలు

గోదావరి ఇసుక ర్యాంపు నుంచి హైవే ఎక్కే లారీకి వెనక చక్రాల వెంబడి దళసరి రబ్బరు ఫ్లాపులు వేలాడుతుంటాయి. అమెరికాలో మోటార్‌హోమ్ (ఇల్లులా వాడుకునే పెద్ద బండి) వెనక కారు తగిలించుకుని అలాస్కా దాకా వెళ్లేవాళ్లు ఆ కారును కాపాడుకునే ఏర్పాటంతా ఇలాంటి ఫ్లాపుతోనే మొదలవుతుంది. ఆ ఏర్పాటు పనితీరు అర్థం కావాలంటే ముందు రాయి ఎలా లేస్తుందో చూడాలి.

టైరు అంచు కింద పడిన రాయి ఆ నొక్కుడికి పక్కకో వెనక్కో చిమ్ముతుంది. టైరు గాడిలో ఇరుక్కున్న రాయి చక్రంతో పాటు పైకి లేచి, పట్టు సడలగానే ఎగురుతుంది. జంట టైర్ల సందులో చిక్కేది మరీ పెద్ద రాయి. అందుకే అనుభవం ఉన్న డ్రైవరు బండి ఆపినప్పుడల్లా ఆ సందులోకి ఓ చూపు చూస్తాడు. రాయి కనిపిస్తే రాడ్డుతో పెకలించాకే కదులుతాడు.

గాల్లోకి లేచిన రాయి ఉన్నచోటే ఉన్నా, వెనక బండి వెళ్లి దాన్ని గుద్దుకుంటుంది. కాలవగట్టు గ్రావెల్ రోడ్డు మీద ట్రాక్టరు వెనక ట్రక్కుదీ ఇదే పరిస్థితి. కానీ గంటకు 20 కిలోమీటర్ల వేగంలో ఆ రాయి ట్రక్కు ముందు డోరుకు టక్కున తగిలి కింద పడిపోతుంది. అదే 80 కిలోమీటర్లయితే వేగం నాలుగు రెట్లు, దెబ్బలో శక్తి 16 రెట్లు. 20 గ్రాముల కంకర రాయి ఆ వేగంలో తగిలితే, కిలో బరువును అర మీటరు ఎత్తు నుంచి వదిలినంత దెబ్బ. అదంతా రాతి మొన ఆనిన చోటే పడుతుంది కాబట్టి అద్దం మీద నెర్రె పడుతుంది. మామూలు కారైతే డ్రైవరు వెనక్కి తగ్గి దూరం పాటిస్తాడు. మోటార్‌హోమ్ వెనక టో బార్ అనే లాగుడు కడ్డీకి బిగించిన కారుకు ఆ వీలు లేదు.

మొదటి అడ్డు ఫ్లాపు. అక్కడ ఇనుప రేకు పెడితే సొట్టపోతుంది, రాయీ జోరుగా తిరిగి ఎగురుతుంది. రబ్బరు మాత్రం, క్యాచ్ పట్టేవాడు చేతులు వెనక్కి తీసుకున్నట్టు, తనూ కొంత వెనక్కి పోయి రాయి జోరును తినేస్తుంది. మంచి ఫ్లాపులో రబ్బరు మధ్య గుడ్డ పొరలు ఉంటాయి. చిన్న చిరుగు పడినా అవి దాన్ని సాగనివ్వవు. బిగించడంలోనూ నేర్పుంది. బోల్టును నేరుగా రబ్బరు మీద బిగించకుండా, పై అంచు పొడవునా ఇనుప పట్టీ వేసి దాని మీదుగా బిగిస్తారు. ఫ్లాపు ఊగినప్పుడల్లా పడే లాగుడు పట్టీ అంతటా సర్దుకుంటుంది. పట్టీ లేకపోతే బోల్టు రంధ్రం దగ్గరే చిరుగు మొదలవుతుంది. కింది అంచు ఎత్తు కూడా చూసి కట్టాల్సిందే. మరీ కిందికి ఉంటే రివర్సులో టైరు కింద పడి ఊడిపోతుంది, మరీ పైకి ఉంటే రాయి కిందనుంచి తప్పించుకుంటుంది.

రెండో అడ్డు బండికీ కారుకీ మధ్య సందులో కట్టే వల. టో బార్ రెండు చేతులూ ఇంగ్లీషు 'ఏ' అక్షరంలా మోటార్‌హోమ్ కొక్కెం దగ్గర కలుస్తాయి. వాటి మీదుగా గట్టి మెష్ పరుస్తారు. మూసుకుపోయిన గుడ్డయితే గాలికి ఉబ్బి లాగుతుంది. మెష్ గాలినీ బురదనీళ్లనూ పోనిచ్చి రాయిని మాత్రం ఆపుతుంది. మలుపు తిరిగేటప్పుడు ఒక పక్క సందు తగ్గి మరో పక్క పెరుగుతుంది కాబట్టి, వలకు సాగే పట్టీలైనా ఉండాలి, లేదా దాన్ని ఒక వైపే బిగించాలి. ఇంజన్ వెనక ఉండే డీజిల్ మోటార్‌హోమ్‌కు వెనక వెడల్పంతా మూసే ఫ్లాపు కడితే రేడియేటర్ గాలికి అడ్డమై ఇంజన్ వేడెక్కవచ్చు. రాయిని ఆపే ప్రతిదీ గాలికి దారి ఇవ్వాలి.

మూడో అడ్డు కారు ఒంటి మీద ఉంటుంది. బానెట్‌కు గుడ్డ కవరు తొడిగితే రాయి దెబ్బ తగ్గుతుంది. కానీ కవరు కింద చేరిన దుమ్ము, గాలికి కవరు కదిలినప్పుడల్లా గరుకు కాగితంలా రంగును అరగదీస్తుంది. సందు లేకుండా అతుక్కునే పారదర్శక ఫిల్మ్‌కు ఆ బాధ లేదు. కవరే వాడేవాళ్లు కారునూ కవరు లోపలి వైపునూ కడిగి ఆరబెట్టాకే తొడుగుతారు.

మూడూ కలిస్తేనే ఏర్పాటు పూర్తవుతుంది. చాలా రాళ్లు చక్రం దగ్గరే ఆగిపోతే వల తేలికగా ఉండొచ్చు, వల పని చేస్తే ఫిల్మ్ పలచగా ఉండొచ్చు. ఆ అవసరం అలాస్కా దారిలో ఇంకా ఉంది. 1942లో వేసిన అలాస్కా హైవే దాదాపు 2,200 కిలోమీటర్లు. ఇప్పుడు తారు రోడ్డే అయినా, మరమ్మతులు జరిగేచోట కంకర తగులుతుంది. ఇంకా ఉత్తరాన 666 కిలోమీటర్ల డాల్టన్ హైవే చాలా వరకు కంకరే. అక్కడ అనుభవజ్ఞులు పై మూడింటికీ నాలుగోది జోడిస్తారు. కంకర మొదలవగానే 80 నుంచి 40కి దిగుతారు. దాంతో ప్రతి రాయి దెబ్బా నాలుగో వంతుకు తగ్గుతుంది, ఫ్లాపూ వలా ఫిల్మూ తమ శక్తికి లోబడిన పనే చేస్తాయి.