గల్లీ గోడ ఇచ్చే వెలుగు

మే 9 ప్రాంతంలో, మధ్యాహ్నం పన్నెండు దాటి పది పన్నెండు నిమిషాలయ్యేసరికి, హైదరాబాద్‌లో ఎండలో నిలబడ్డ మనిషి నీడ అతని పాదాల కిందే ఇమిడిపోతుంది. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆగస్టు 3 ప్రాంతంలో మళ్లీ ఇంకోసారి ఇలాగే జరుగుతుంది. మనం 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాం కాబట్టి ఏటా రెండుసార్లు తప్పదు. ఆకాశాన్ని చూసేవాళ్లకు అది ముచ్చటైన రోజు. ముఖాలు తీసేవాళ్లకు మాత్రం అంతకన్నా చెడ్డ వేళ లేదు. వెలుగు నిలువునా దిగి కళ్లను గుంతలు చేస్తుంది, ముక్కు నీడను పైపెదవి మీద పడేస్తుంది.

ఆ వేళకు బోరబండ గల్లీల్లోకి రమ్మంటాను నేను.

ఇక్కడి ఎమ్ఎమ్‌టీఎస్ స్టేషన్ నుంచి హైటెక్ సిటీ ఒక్క స్టేషన్ దూరం. కొత్తగా కెమెరా పట్టిన పిల్లలు చాలామంది అటే పోతారు. అద్దాల మేడలున్నాయి, 2020లో తెరిచిన దుర్గం చెరువు తీగల వంతెన ఉంది. పోనివ్వండి, అవీ చూడవలసినవే. కానీ అద్దం తన మీద పడ్డ ఎండను ఒక్క దిక్కుకే విసిరికొడుతుంది. అది కింద నిలబడ్డ మనిషి చెంప మీద తెల్లని పట్టీలా పడి కళ్లు చికిలించేలా చేస్తుంది. సున్నం వేసిన గరుకు గోడ అలా కాదు. అదే ఎండను చెదరగొట్టి నలువైపులా పంచుతుంది. ముఖానికి కావలసింది ఆ పంపకమే. బోరబండలో ఇళ్లు ఎదురెదురుగా, దగ్గరదగ్గరగా ఉంటాయి. ఒక వరసకు ఎండ తగిలితే ఎదుటి వరస గడపలకు మెత్తని వెలుగు అందుతుంది. ఫొటోగ్రాఫర్లు వేలకు వేలు పోసి కొనే సాఫ్ట్‌బాక్స్ చేసేదీ ఇదే పని.

గల్లీ ఏ దిక్కుకు పోతుందో ముందు చూసుకోవాలి. తూర్పు పడమరలుగా పోయే గల్లీలో, చలికాలమంతా సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. కనుక ఉత్తరం వైపు ఇళ్ల గోడలు వెలుగుతాయి. ఉత్తర ముఖంగా ఉన్న గడపలో మనిషిని నిలబెడితే నడి పగలు కూడా మంచి బొమ్మ వస్తుంది. ఉత్తర దక్షిణాలుగా పోయే గల్లీలో పొద్దున ఒక వరస బాగుంటుంది, సాయంత్రం దాని ఎదుటి వరస. నడినెత్తి సూర్యుడి రోజుల్లోనైతే సజ్జ కిందికి జరగాలి. అప్పుడు సిమెంటు రోడ్డే కింది నుంచి వెలుగు పైకి పంపి కళ్ల గుంతలు పూడుస్తుంది. అది చాలకపోతే ఒక తెల్ల దుప్పటి, లేదా థర్మోకోల్ అట్ట. సినిమా లైట్‌మెన్ షూటింగుల్లో రోజూ వాడేది అదే థర్మోకోల్, వాళ్లు ఎక్కువగా ఉండే కృష్ణానగర్ ఇక్కడికి ఎంతో దూరం కాదు. ఒక్కటి గమనించాలి. ఎదుటి గోడ చిలకపచ్చ రంగైతే ముఖం మీదా పచ్చ పడుతుంది. వైట్ బ్యాలెన్స్‌తో దాన్ని పూర్తిగా కడగలేం. నాలుగు గడపలు దాటి తెల్లగోడ వెతుక్కోవడమే మేలు.

ఈ విద్య మన ఊరికి కొత్త కాదు. రాజా దీన్‌దయాళ్ 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచారు, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యారు. 1892లో ఆడవాళ్ల కోసమే జనానా స్టూడియో పెట్టి దాన్ని ఒక ఇంగ్లిష్ మహిళ చేతిలో ఉంచారు. బల్బుల మీద ఆధారపడే రోజులు కావవి. అప్పటి స్టూడియోలు అద్దాల పైకప్పు వేసి, ఉత్తరపు వెలుగును తెరలతో అదుపు చేసుకునేవి. ఆయన గాజు నెగటివ్‌లు 2,857 ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి.

నాకు మనసులో ఎక్కువ పట్టింపు ఉన్నది ఎక్స్‌పోజర్ దగ్గర. మా వీధిలో కిరాణం నడిపే పెద్దమ్మ ఫొటోకు కూర్చోగానే "జర తెల్లగ రావాలె బిడ్డా" అంది. "నీ రంగుకేమైంది పెద్దమ్మా, మంచిగనే ఉన్నవ్ గద" అన్నాను. ఆమె నమ్మలేదు. ఎలా నమ్ముతుంది? ఆమె చేతికొచ్చిన ప్రతి ఫొటోలోనూ ఎవరో ఒకరు ఆమె ముఖాన్ని తెలుపు చేసి ఇచ్చారు.

ఇందులో యంత్రం పాలు కూడా ఉంది. కెమెరా మీటర్ తన ముందున్న ప్రతిదాన్నీ ఒక నడి బూడిదరంగుకు తేవాలని చూస్తుంది. పద్దెనిమిది శాతం వెలుగును తిప్పి పంపే బూడిదరంగు అది. మనిషి వెనక ఇంటి లోపలి చీకటి ఉంటే, ఆ చీకటిని బూడిద చేయబోయి ముఖాన్ని వెలవెల పోగొడుతుంది. వెనక ఎండ కాసే వీధి ఉంటే ముఖాన్ని నల్లగా ముంచేస్తుంది. దశాబ్దాల పాటు కొడాక్ ల్యాబులు ప్రింటు రంగులు సరిచూసుకున్న షిర్లీ కార్డు మీద ఉన్నది తెల్లజాతి స్త్రీ ముఖం. చామనఛాయకు అక్కడ కొలతే లేదు. 2021లో గూగుల్ పిక్సెల్ 6తో పాటు రియల్ టోన్ తెచ్చి, నల్లని, గోధుమ రంగు చర్మాలను ఉన్నవి ఉన్నట్టు చూపిస్తామన్నది. ఎంత ఆలస్యం!

కాబట్టి ఫోన్‌లో బ్యూటీ మోడ్ ముందు ఆపేయండి. ముఖం మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్, ఎక్స్‌పోజర్ అక్కడే నిలుస్తాయి. తర్వాత వేలిని నెమ్మదిగా కిందికి జరిపితే నుదుటి మీద, చెంప ఎముక మీద మెరుపు తిరిగొస్తుంది. చామనఛాయ అందమంతా ఆ మెరుపులోనే ఉంది. దాన్ని తెల్లని మచ్చ కానివ్వకూడదు. మాన్యువల్ కెమెరా ఉన్నవాళ్లకు ఒక లెక్క. నిండు ఎండలో ఐఎస్ఓ 100, షట్టర్ 1/125, ఎపర్చర్ ఎఫ్ 16. అదే సజ్జ కిందికి వస్తే మూడు నాలుగు స్టాపులు తెరవాలి, అంటే ఎఫ్ 5.6 లేదా 4.

కంపోజిషన్ గురించి మూడింట ఒక వంతు సూత్రం అందరూ చెబుతారు, నేను చెప్పను. ఇరుకు గల్లీలో అసలు చిక్కు వేరు. ఫోన్ మామూలు లెన్స్ విశాలంగా చూస్తుంది, దగ్గరికెళ్తే ముక్కు పెరుగుతుంది, చెవులు వెనక్కి పోతాయి. రెండడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్ వాడండి. వెనక్కి చోటు లేకపోతే నడుము దాకా తీయండి, ముఖం ఒక్కటే వద్దు. ద్వారబంధాన్ని చట్రంగా వాడుకోండి. ఫోన్‌ను గుండె ఎత్తులో నిటారుగా పట్టుకుంటే గోడలు లోపలికి వాలవు. తల మీద కరెంటు స్తంభం మొలిస్తే మీరే ఒక అడుగు పక్కకు జరగండి, మనిషిని జరపకండి. ఆమె కుదురుగా కూర్చున్న తీరు మళ్లీ రాదు.

సాయంత్రం డాబా ఎక్కితే మాదాపూర్ మేడల దీపాలు, ఆకాశపు నీలం ఒకే స్థాయికి వచ్చే వేళ ఒకటి ఉంటుంది. ఇంగ్లిష్ పుస్తకాలు దాన్ని బ్లూ అవర్, అంటే నీలి గంట అని రాస్తాయి, కానీ మన అక్షాంశంలో అది ఇరవై పాతిక నిమిషాలకు మించదు. మేడలు అప్పుడు తీసుకోండి.

తీసినవాటిలో ఒక్కటైనా కాగితం మీద వేయించి ఇవ్వండి. తెర తనంతట తాను వెలుగుతుంది, కాగితం వెలగదు, అందుకే ప్రింటు ఒక మెట్టు ముదురుగా వస్తుంది. ల్యాబ్‌కు పంపేముందు మొత్తం బొమ్మను కాస్త వెలిగించండి. ముఖాన్ని విడిగా తెల్లబరచవద్దని, కరెక్షన్ అక్కర్లేదని కౌంటర్ దగ్గర నోటితో చెప్పండి. చెప్పకపోతే వాళ్లు చేసేస్తారు.