గుర్తు వారిది, డబ్బా మనది

పెట్రోలు బంకు ఊసు ఆడవాళ్ళకెందుకు అంటారేమో! ఈ నూనె కంపెనీలు పేరు నిలుపుకోవడం నేర్చుకున్నది రోడ్డు మీద కాదండీ, వంటింట్లో.

1892లో మార్కస్ శామ్యూల్ అనే లండన్ వర్తకుడు కిరసనాయిలును ఓడ నిండా పోయించి తూర్పు దేశాలకు పంపాడు. డబ్బాల ఖర్చు మిగులుతుంది, జనమే గిన్నెలు తెచ్చుకుంటారనుకున్నాడు. సరుకు కదిలితేగా! అమెరికా స్టాండర్డ్ కంపెనీ నూనె నీలం డబ్బాల్లో వచ్చేది. నూనె అయిపోయినా డబ్బా ఇంట్లో ఉండిపోయేది. శామ్యూల్ లెంపలేసుకుని రేకు తెప్పించి ఎర్ర డబ్బాలు చేయించాడు. షెల్ కంపెనీ ఆయనదే. నూనె సరే, డబ్బా ఏదీ అని ఇల్లాళ్ళు చేసిన విమర్శ అది. ఇంతకంటే పదునైన విమర్శ ఆ కంపెనీల మీద ఇంకొకటి వచ్చిందనుకోను.

మనవైపూ అంతే. కిరసనాయిలు డబ్బా ఖాళీ అయ్యాకనే కాపురానికొచ్చేది. పైరేకు కోసి అడ్డకర్ర బిగిస్తే నీళ్ళ డబ్బా, మూత పెట్టిస్తే పప్పుల డబ్బా. కంపెనీ పేరు నాలుగు తోములకు మాసిపోయేది.

తరువాత బంకుల మీద బొమ్మలు వెలిశాయి. బర్మా షెల్ ఆల్చిప్ప, కాల్టెక్సు నక్షత్రం, ఎస్సో పులి. అక్షరం ముక్క రాని ముసలమ్మకూ తెలిసేవి. 1974లో ఎస్సో, 1976లో బర్మా షెల్ ప్రభుత్వ పరమయ్యాయి. విశాఖలో శుద్ధి కర్మాగారం పెట్టిన కాల్టెక్సు 1978లో హిందుస్తాన్ పెట్రోలియంలో కలిసింది. జాతీయం చేయడం మంచిదే, పేచీ లేదు. కాని బొమ్మలు పోయి హెచ్.పి., బి.పి. అని పొడి అక్షరాలు మిగలడమే నాకు నచ్చలేదు. ఆల్చిప్ప తీసేసిన చోట మనదైన బొమ్మ ఒక్కటి గీయలేకపోయారా?

పామర్రు సెంటరులో నిలబడి చూడండి, బందరు, గుడివాడ, కూచిపూడి దారులు కలిసేచోట. “బంకు దగ్గర ఆపు” అంటారంతే. ఆనవాలుకి కంపెనీ పేరు చెప్పినా, ఆ పెట్రోలే కావాలని పట్టుబట్టేవారు తక్కువ. ఎందుకు పట్టుబడతారు? కంపెనీలే ఒకరి సరుకు ఒకరు ఇచ్చిపుచ్చుకుంటాయి. డాల్డా ఒక మార్కు పేరని మరిచిపోయి వనస్పతికంతటికీ అదే పేరు పెట్టేశాం. ఏ పెట్రోలుకీ ఆ యోగం పట్టలేదు. చూడటానికీ, ముట్టుకోవటానికీ లేని సరుకాయె.

కంపెనీ పేరు మళ్ళీ మన నోట పడింది గ్యాసు వచ్చాకనే. “మీది ఇండేనా, హెచ్.పి.నా వదినా?” అని పక్కింటావిడ అడిగేది కబుర్లకు కాదు. బదులిచ్చిన సిలిండరు తిరిగి రావాలంటే కంపెనీ ఒకటే కావాలిగా!