గానుగ సున్నం తెలిసిన చేతులు

హైదరాబాద్‌లో సైదాబాద్‌కు కూతవేటు దూరంలో, మలక్‌పేట గుట్ట మీద ఉంది అస్మాన్‌గఢ్ ప్యాలెస్. పైగా వంశపు నవాబు సర్ అస్మాన్ జా 1885లో కట్టించాడు. గ్రానైటు గోడలు, కమాను కిటికీలు, ఇంగ్లండ్ పల్లెల్లో దొరలు కట్టుకున్న గోథిక్ బంగళాల ఠీవి. సరూర్‌నగర్ దాకా సొరంగం ఉందని పాతవాళ్లు చెప్తారు, ఉంటే ఉండనీ. ఊరంతా ఫలక్‌నుమా ప్యాలెస్‌కు హారతి పడుతుంది గానీ నా ఓటు దీనికే. ఇప్పుడు ఇందులో బడి నడుస్తోంది. నడవనీ, గోడలు బతికున్నాయి కదా!

ఆ వంశానికి పనిచేసిన మేస్త్రీల చెయ్యి ఎంతటిదో తెలియాలంటే సంతోష్‌నగర్ పక్కన పైగా సమాధులకు వెళ్లాలి. డంగు సున్నం పని అంటే అదీ! సున్నాన్ని నానబెట్టి, ఇసుకతో కలిపి ఎద్దుల గానుగలో వెన్నలా నూరేవారు. బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం పోసేవారు. పచ్చిగా ఉండగానే తాపీతో పువ్వులు, తీగలు తీర్చి, నున్నటి రాయితో రుద్ది మెరుపు తెచ్చేవారు. ఒక జాలీ నమూనా చూసి ముగ్ధులయ్యేలోపు పక్కది మరో లెక్కలో పలకరిస్తుంది. కట్టించినవాళ్ల పేర్లు చరిత్రకెక్కాయి, చెక్కినవాళ్ల పేర్లు ఎవరికీ పట్టలేదు.

సున్నపు గోడ తేమను పీల్చి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే ఆ తేమ లోపలే ఉండిపోయి పెచ్చులూడతాయి. ‘పాత గోడ, పనికిరాదు’ అనేస్తాడు బిల్డరు. పాడుచేసింది ఎవరయ్యా?

అదే అస్మాన్ జాకు బషీర్‌బాగ్‌లోనూ ప్యాలెస్ ఉండేది. ఇప్పుడు ఆ పేట పేరే మిగిలింది. సాలార్‌జంగ్‌ల హవేలీ దీవాన్ దేవిడీదీ అదే కథ: 1951లో నెహ్రూ సాలార్‌జంగ్ మ్యూజియం ప్రారంభించింది అందులోనే. 1968లో మ్యూజియం కొత్త భవనానికి వెళ్లిపోయింది. దేవిడీ పోయి దుకాణాలొచ్చాయి, దర్వాజాలు మాత్రం నిలిచాయి. అపార్ట్‌మెంట్ల ముందు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కమానులు అతికించి ‘నవాబీ లుక్’ అని అమ్ముతుంటే ఒళ్లు మండుతుంది. ఒక్క వానకాలానికే ఉబ్బి రాలే సరుకది!

వాటాల పేరు చెప్పి పాత ఇల్లు కూల్చనక్కర్లేదు, ఇంట్లో పదిమంది వాటాదారులు ఉండటం తప్పు కాదు. వార్విక్‌షైర్‌లోని స్టోన్లీ అబ్బీలో కొంత భాగాన్ని ఇళ్లుగా మార్చి మనుషుల్ని దించారు, పాత హాళ్లను చూడటానికి జనాన్నీ రానిస్తారు. మన దేవిడీలకూ ఆ యోగం పట్టించవచ్చు. మగవాళ్ల భాగం మర్దానా ఒకరికి, ఆడవాళ్ల భాగం జనానా ఒకరికి. రెండింటికీ ఎటూ వేరే గుమ్మాలే. బాత్‌రూములు వెనక వసారాలో కట్టుకోవచ్చు. నడి హాల్లో కప్పుదాకా అడ్డగోడ లేపితే మాత్రం పైనున్న సున్నపు పువ్వు సగానికి తెగుతుంది, ఆ హాలు ఇక హాలు కాదు.

దేవిడీల వారసులారా, ‘డెవలప్‌మెంట్‌కి’ ఇవ్వక ముందు గానుగ సున్నం తెలిసిన మేస్త్రీకి ఒకసారి గోడ చూపించండి. హాలు కోయకుండా వాటాలు వేయగల ఇంజనీరు దొరికాకే అగ్రిమెంటు మీద సంతకం పెట్టండి.