సర్వనామముల సందిగ్ధత

నామమునకు బదులుగా నిలుచు పదము సర్వనామము. ఒక్క పేరునే మాటిమాటికి చెప్పిన విసుగు పుట్టును గనుక, ఆ విసుగును తీర్చుట దాని పని. అయితే బదులు నిలిచిన పదము ఎవరికి బదులో తెలియనప్పుడు విసుగు పోయి చిక్కు వచ్చి పడును. ఈ దోషము నేడు మనవారు వ్రాయు ఇంగ్లీషునందు మెండుగా కానవచ్చుచున్నది.

హైదరాబాదునకు పడమట, ఖాజాగూడ రాతిగుట్టల చుట్టుపట్ల వెలసిన కార్యాలయములలో తెలుగువారు అనేకులు దినమెల్ల ఇంగ్లీషులో లేఖలు వ్రాయుచున్నారు. వానిని చదువువారు పెక్కుమంది సముద్రములకు ఆవల నుందురు. సందేహము కలిగినప్పుడు ఎదుట నిలిచి అడుగుటకు వారికి వీలు లేదు. వ్యాకరణదోష మొక్కటియు లేని వాక్యము సైతము అట్టివారిని తప్పుదారి పట్టింపగలదు.

తెలుగున 'రవి గోపాలునితో తన లెక్క తప్పినదని చెప్పెను' అన్నచో, సామాన్యముగా ఆ లెక్క రవిదే. 'అతని లెక్క' అన్నచో గోపాలునిదియో, మూడవవానిదియో అగును. ఇంగ్లీషున రెంటికిని 'హిజ్' ఒక్కటే. మన మనస్సులో 'తన' అను పదము స్పష్టముగా నుండుటచే 'హిజ్' అని వ్రాసి తృప్తి పొందుదుము. చదువరికి మన మనస్సు కనబడదు. రవి తన తప్పును ఒప్పుకొన్న వాక్యము గోపాలునిపై నేరముగా పరిణమింపవచ్చును.

'మేము', 'మనము' అను భేదమును ఇట్టిదే. ఎదుటివారిని విడిచి చెప్పునది మొదటిది, కలుపుకొని చెప్పునది రెండవది. ఇంగ్లీషున 'వుయ్' అను నొక్క పదమే ఈ రెండు పనులను చేయును. అదనపు వ్యయమును 'వుయ్' భరింతుమని లేఖలో వ్రాసినచో, వ్రాసినవారొక్కరే భరింతురా, చదువువారును పాలు పంచుకొనవలయునా? తెలుగున పుట్టనే పుట్టని తగవు ఇంగ్లీషున ధననష్టమునకు దారితీయును. సంస్థ పేరు వ్రాసినచో సందేహమే యుండదు.

ఇంత సులభమైన ఉపాయమును మనవారేల విడుతురు? పునరుక్తి దోషమను భయముచేతనే. దండి కావ్యాదర్శమున పది దోషములను చెప్పెను. అందు చెప్పినదే చెప్పుట యొకటి, సంశయము కలిగించుట మరియొకటి. మన పాఠశాలలందు మొదటిదానిని గట్టిగా బోధించి, రెండవదానిని మఱచుచున్నాము. పైగా, విశేషభావము చెప్పదలచినప్పుడు పునరుక్తి దోషము కాదని దండియే అంగీకరించెను. కావ్యమునకే ఆ వెసులుబాటు గలదేని, ఉత్తరమునకు లేదనుట యేమి న్యాయము?

లింగవిషయమున మరియొక చిక్కు గలదు. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టము 13వ సెక్షను ప్రకారము చట్టములందలి పుంలింగపదము స్త్రీలకును వర్తించును. రాజ్యాంగ వ్యాఖ్యానమునకును ఆ చట్టమే ఆధారము. 56వ అధికరణమున రాష్ట్రపతిని 'హి' అనియే చెప్పినను, 2007లో ప్రతిభా పాటిల్ గారును, 2022లో ద్రౌపదీ ముర్ము గారును ఆ పదవి నధిష్ఠించిరి. కాని ఆ నియమము చట్టములకై చేసినది. ఉద్యోగప్రకటనలో 'హి' అని చదివిన బాలిక ఆ సెక్షనును తలంచుకొని ధైర్యము తెచ్చుకొనదు.

అందుచేత ఇంగ్లీషువారు ఏకవచనార్థమున 'దే' అను పదమును విరివిగా వాడుచున్నారు. 2019లో మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువువారు దానినే ఆ సంవత్సరపు పదముగా ప్రకటించిరి. తాము స్త్రీలమనిగాని పురుషులమనిగాని చెప్పుకొననివారికిని అది యుక్తమైన పదము. బహువచనము ఒక్కరికెట్లు చెల్లునని కొందరు పండితులు ఆక్షేపింతురు. గురువుగారొక్కరే వచ్చినప్పుడు 'వారు వచ్చిరి' అను మనకు ఈ ఆక్షేపణ తగదు. అయినను, మేనేజరు ఇంజనీర్లను కలిసెనని చెప్పి, వెంటనే 'దే' ఒప్పుకొనిరని వ్రాసినచో, ఒప్పుకొన్నది మేనేజరా, ఇంజనీర్లా, అందఱునా? అచ్చట మరల నామమునే చెప్పవలయును.

ఇంట పిల్లల ఇంగ్లీషు వ్రాతను దిద్దు తలిదండ్రులు ప్రతి సర్వనామముకడ ఆగి, 'ఎవరు?' అని అడుగవలయును. 'దిస్' అని యొంటిగా నున్నచో 'ఏది?' అని అడిగి, దాని ప్రక్కన నామమును చేర్పింపవలయును. రెండు సమాధానములు వచ్చినచోట సర్వనామమును కొట్టివేసి పేరు వ్రాయింపవలయును. తప్పు, ధనము, పనిభారము ఎవరివో చెప్పు వాక్యములందు ఈ పరీక్ష మఱింత అవసరము. పేరు రెండుసార్లు వచ్చిన చెవికి కొంచెము మోటుగా నుండవచ్చును. ఆ మోటుదనమును సహించినచో ఒకరి తప్పు మరియొకరి నెత్తిన పడకుండును.